జూన్ చుక్తా, డిసెంబర్ చుక్తా

పోయిన జులైలో కరెంటు బిల్లు పట్టుకుని గేటు దగ్గరే నిలబడిపోయాను. కట్టాల్సింది పెద్దగా ఏమీ లేదు. ఎప్పటిలాగే ఫిక్స్‌డ్ చార్జీ, కస్టమర్ చార్జీ, అంతే. నా కళ్లు పడింది క్రెడిట్ యూనిట్ల మీద, అంటే మా మిద్దె మీది సోలార్ కరెంటులో మేం వాడుకోగా మిగిలి, లైనుకు పోయి మా ఖాతాలో జమైన యూనిట్ల మీద. జూన్ బిల్లులో 185 అని ఉంది. జులై బిల్లులో 10 అని ఉంది.

జులైలో మబ్బులు పట్టి ప్యానెళ్లు సరిగ్గా పనిచేయలేదు, నిజమే. అయినా ఆ నెల కూడా ఎంతో కొంత మిగిలింది. 185కి అది కలవాలి గానీ, 185 మొత్తం పోయి అది ఒక్కటే మిగలడమేంటి? రీడింగు తీసే అబ్బాయిని అడుగుదామంటే అప్పటికే రెండిళ్లు దాటిపోయాడు. లోపలికొచ్చి క్యాలెండర్ తీసి చూశాను. నా లెక్క తప్పలేదు.

ఆ క్యాలెండర్ గురించి చెప్పాలి. నల్లగొండలో మాది చిన్న డాబా ఇల్లు. ఇంట్లోనే బ్లౌజులు కుడతాను. రెండు మిషన్లు, రెండింటికీ మోటార్లు. మా ఆయన ప్రైవేటు కాలేజీలో లెక్కలు చెప్తారు గానీ, ఇంటి లెక్కలన్నీ నావే. వంటింటి గోడకున్న క్యాలెండర్ మీద పాల లెక్క నీలం ఇంకుతో, కరెంటు లెక్క ఎర్ర ఇంకుతో రాస్తాను. సోలార్ పెట్టించిన రోజు నుంచి ఎర్ర ఇంకు ఎక్కువైంది.

పెట్టించడానికి కారణం 2024 మే నెల బిల్లు. ఆ నెల మాకు 420 యూనిట్లు కాలాయి. మన దగ్గర నెలకు 200 యూనిట్లు దాటితే స్లాబే మారిపోతుంది. మొదటి 200కి యూనిట్ 5 రూపాయల 10 పైసలు, ఆ పై వందకి 7.70, ఇంకో వందకి 9 రూపాయలు, అది కూడా దాటితే 9.50. కూడితే ఒక్క యూనిట్ల డబ్బే 2,880 రూపాయలు. మిగతా చార్జీలు వేరే. సరిగ్గా 200 దగ్గర ఆగితే 820తో పోతుంది, 210 అయితే 1,097. పది యూనిట్లకు 277 రూపాయలు. అందుకే మా ఇంట్లో నెలాఖరు వచ్చేసరికి ఫ్యాన్లు కూడా భయపడుతూ తిరిగేవి.

మా వీధిలో చాలా ఇళ్లకు తెల్ల రేషన్ కార్డు ఉంది, 200 యూనిట్ల లోపు వాడితే గృహజ్యోతి కింద జీరో బిల్లు వస్తుంది. వాళ్లకు సోలార్‌తో పెద్ద పని లేదు. మాకు కార్డు లేదు. పీఎం సూర్యఘర్ పథకం అప్పటికే మొదలైంది. ఒక కిలోవాట్‌కు 30 వేలు, రెండుకు 60 వేలు, మూడు గానీ అంతకంటే ఎక్కువ గానీ పెట్టుకుంటే 78 వేలు సబ్సిడీ. ఆ పైన ఎంత పెద్దది పెట్టుకున్నా 78 వేలే. ఇది గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాను.

సోలార్ పెట్టే ఆయన వచ్చి డాబా ఎక్కి కొలతలు తీసుకున్నాడు. దిగొచ్చి, చాయ్ తాగుతూ, "అక్కా, అయిదు కిలోవాట్లు పెట్టుకోండ్రి. మిగిలిన కరెంటు డిపార్ట్‌మెంటోళ్లే కొంటరు. నెలనెలా ఆమ్దానీ" అన్నాడు. మా ఆయన ముఖం వెలిగిపోయింది. నేను కాగితం తీశాను. ఒక కిలోవాట్ ప్యానెల్ మన ఎండకు రోజుకు సుమారు నాలుగు యూనిట్లు ఇస్తుంది. మూడు కిలోవాట్లంటే నెలకు 350 చుట్టుపక్కల. మా వాడకం చలికాలంలో ఇంచుమించు 200, ఎండాకాలంలో 400. మూడు చాలు అన్నాను. ఆయన ఇంకా ఆమ్దానీ గురించే చెప్తున్నాడు. కొనే రేటెంత అని అడిగితే "మంచిగనే ఉంటదక్కా" అన్నాడు. అంకె చెప్పని మనిషి దగ్గర నేను ఎక్కువ కొనను. బట్టల కొట్లో అయినా అంతే.

డిసెంబర్ ఆఖర్లో పాత మీటర్ తీసేసి నెట్ మీటర్ పెట్టారు. ఇది రెండు వైపులా తిరిగే మీటర్. మనం లైను నుంచి తీసుకున్నది ఇంపోర్ట్, మన మిద్దె మీద నుంచి లైనుకు పోయింది ఎక్స్‌పోర్ట్. రెండూ విడివిడిగా చూపిస్తుంది. నెలాఖరుకు ఎక్కువలోంచి తక్కువ తీసేస్తారు. ఇంపోర్ట్ ఎక్కువైతే ఆ తేడాకు డబ్బు కడతాం. ఎక్స్‌పోర్ట్ ఎక్కువైతే ఆ తేడా క్రెడిట్‌గా వచ్చే నెలకు పోతుంది. రూపాయలుగా కాదు, యూనిట్లుగానే పోతుంది.

ఇక్కడ అందరూ ఒకసారి గాభరా పడతారు, నేనూ పడ్డాను. ప్యానెల్ కరెంటును ఇంటి కరెంటుగా మార్చే పెట్టె ఉంటుంది, దాన్నే ఇన్వర్టర్ అంటారు. దాని యాప్‌లో జనవరి నెల 360 యూనిట్లు తయారైనట్టు చూపించింది. బిల్లులో ఎక్స్‌పోర్ట్ 230 మాత్రమే. 130 యూనిట్లు ఎవరు తిన్నారు? మేమే తిన్నాం. పగలు ప్యానెల్ కరెంటు ముందు ఇంట్లో ఫ్రిజ్‌కు, నా మిషన్లకు, బోరు మోటార్‌కు పోతుంది. మిగిలిందే మీటర్ దాటి బయటికి వెళ్తుంది. ఇంట్లోనే ఖర్చయింది నెట్ మీటర్‌కు తెలియనే తెలియదు. పాలవాడి ఖాతాలో మన ఇంటి గేదె పాలు ఉండవు కదా.

ఇంకో సంగతి, సోలార్ ఉన్నా కరెంటు పోతే మాకూ పోతుంది. లైను మీద పనిచేసే మనిషికి మన మిద్దె మీద కరెంటు తగలకుండా ఇన్వర్టర్ తనంతట తనే ఆగిపోతుంది. "గంత పెట్టి పెట్టించుకుంటిరి, చీకట్ల కూసుంటిరి" అని మా పక్కింటావిడ ఇప్పటికీ నవ్వుతుంది. నవ్వనివ్వండి.

సరే, క్యాలెండర్‌కు వస్తాను. 2025 లెక్క ఇదీ. జనవరిలో బయటికి 230 పోయాయి, 70 తీసుకున్నాం, మిగులు 160. ఫిబ్రవరిలోనూ 160. మార్చిలో ఎండ ముదిరింది, కూలర్ తీశాం, మిగులు 90కి పడింది. మార్చి ఆఖరుకు మా దగ్గర 410 యూనిట్లు జమ. ఏప్రిల్ నుంచి కరగడం మొదలైంది. ఏప్రిల్‌లో 60, మే నెలలో 105, జూన్‌లో 60 పోయాయి. జూన్ బిల్లు నాటికి 185.

ఈ మూడు నెలలూ నేను ఇంట్లో ఎంత పీనాసిగా ఉన్నానో ఇప్పుడు రాయడానికే సిగ్గుగా ఉంది. మా గదిలో ఒక ఏసీ ఉంది, రాత్రి రెండు గంటలు వేసి కట్టేసేదాన్ని. అత్తమ్మ గదిలో కూలర్ ఉంది. పన్నెండు దాటాక దాన్ని కూడా ఆపించేదాన్ని. "అత్తమ్మా, యూనిట్లు దాచుకుంటే వానల్లో పనికొస్తయి" అని నచ్చజెప్పేదాన్ని. నల్లగొండ మే నెల ఎట్లా ఉంటుందో ఇక్కడివాళ్లకు చెప్పనక్కర్లేదు. గుట్టల రాయి పగలంతా తాగిన ఎండని రాత్రంతా కక్కుతుంది. ఆమె డెబ్బై రెండేళ్ల మనిషి. మారు మాట్లాడకుండా తడి తువాలు కప్పుకుని పడుకునేది.

ఆ దాచిన 185 యూనిట్లే జులైలో కనబడలేదు.

మర్నాడు బిల్లులన్నీ సంచిలో వేసుకుని కరెంటాఫీసుకు పోయాను. రెవెన్యూ సెక్షన్‌లో ఒక మేడమ్ ఉంది. నా క్యాలెండర్ కాగితాలు చూసి నవ్వింది గానీ, వెక్కిరింపుగా కాదు. "మీ యూనిట్లు ఎటూ పోలేదమ్మా. జూన్‌తోని చుక్తా అయినయి. డబ్బులొస్తయి. బ్యాంకు పాస్‌బుక్ జిరాక్స్ ఇచ్చిన్రా?" అంది.

ఇవ్వలేదు. ఎందుకివ్వాలో కూడా నాకు తెలియదు. నెట్ మీటర్ ఒప్పందం మీద సంతకాలు పెట్టినప్పుడు ఏం రాసుందో ఎవరు చదివారు? ఇంటికొచ్చి ఆ కాగితాలు తీసి, కళ్లద్దాలు పెట్టుకుని, మొదటి నుంచి చివరి దాకా చదివాను. ఉన్నదేమిటంటే, మన తెలంగాణలో విద్యుత్ నియంత్రణ మండలి 2016లో చేసిన నిబంధనల ప్రకారం మిగులు యూనిట్ల లెక్క ఏడాదికి రెండుసార్లు తెగుతుంది. ఒకటి జూన్‌లో, రెండోది డిసెంబర్‌లో. ఆ రోజుకు మన ఖాతాలో ఎన్ని యూనిట్లు మిగిలి ఉంటే వాటికి డబ్బు కట్టి, ఖాతాను సున్నా చేస్తారు. మర్నాటి నుంచి కొత్త పద్దు.

ఆ డబ్బు ఏ రేటున కడతారన్నదే అసలు సంగతి. మనం కట్టే 5.10, 7.70, 9 రూపాయల రేట్లు ఇక్కడ పనికిరావు. డిస్కం, అంటే మనకు కరెంటు పంచే సంస్థ, కరెంటు కొనడానికి సగటున యూనిట్‌కు ఎంత ఖర్చు పెడుతుందో, మండలి ఏటా లెక్క కట్టి చెప్తుంది. ఆ సగటు కొనుగోలు ధరే మనకిస్తారు. యాదాద్రి ప్లాంటు నుంచో, సాగర్ హైడల్ నుంచో, ఇంకెక్కడి నుంచో వాళ్లు కొనే కరెంటు వరసలో మా మిద్దె కరెంటు కూడా ఒకటి. ఆలోచిస్తే అన్యాయమేమీ కాదు. తీగలు, ట్రాన్స్‌ఫార్మర్లు, మనుషులు, ఇవన్నీ వాళ్ల ఖర్చే. కానీ ఆ సంగతి మనకు ముందే తెలియాలి.

అప్పుడు మా నాయన గుర్తొచ్చాడు. మాది హాలియా దగ్గర పల్లె. సాగర్ ఎడమ కాలువ కింద రెండు పంటలు. ఎరువుల దుకాణంలో నాయనకు ఉద్దెర ఖాతా ఉండేది. విత్తనాలు, యూరియా, పురుగుల మందు అన్నీ చీటీ మీద వచ్చేవి. యాసంగి వడ్లు కోసి అమ్మాక ఒకసారి, వానాకాలం పంట వచ్చాక ఒకసారి సావుకారు దగ్గర కూర్చుని లెక్క చుక్తా చేసుకునేవాడు. ఇంచుమించు అవే జూన్, డిసెంబర్. మా వైపు ఏమైనా మిగిలితే ఆ వడ్లు సావుకారే తీసుకునేవాడు, ఆయన రేటుకు. అమ్మ మాత్రం చుక్తాకు ముందే రెండు బస్తాలు ఇంట్లోకి మోయించేది. "అమ్మినప్పుడు వడ్ల ధర, కొన్నప్పుడు బియ్యం ధర. మన గింజలు మనమే తిందాం" అనేది. నాకు తొమ్మిదో తరగతిలోనే తెలిసిన విషయం. నలభై ఎనిమిదేళ్లకు మీటర్ ముందు నిలబడి మళ్లీ నేర్చుకున్నాను.

డబ్బు వచ్చింది, అబద్ధం చెప్పను. పాస్‌బుక్ జిరాక్స్ ఇచ్చాక ఖాతాలో పడింది. నాలుగు లైనింగ్ బ్లౌజుల కుట్టుకూలి కంటే తక్కువ. అంత డబ్బు కోసం నేను అత్తమ్మ కూలర్ ఆపించాను. ఆ 185 యూనిట్లతో మే, జూన్ నెలల్లో ఆమె గదిలో కూలర్ తెల్లార్లూ తిరిగినా ఇంకా మిగిలేవి, మాకు ఒక్క యూనిట్ బిల్లు కూడా పడేది కాదు. ఈ మాట ఆమెకు చెప్తే "పోనీలే బిడ్డా, నీకు తెల్వకపాయె" అంది. తిట్టినా బాగుండేది.

అక్టోబర్ చివర్లో మా తమ్ముడు ఫోన్ చేశాడు. వాడు కాలిఫోర్నియాలో, సాన్ హోసే దగ్గర ఉంటాడు. 2021లో వాడూ ఇంటి మీద సోలార్ పెట్టించాడు. "అక్కా, పదకొండు నెలలు బిల్లు పది, పన్నెండు డాలర్లు దాటలేదు. ఇవ్వాళ ఒక్కసారే 1,180 డాలర్లు కట్టమని వచ్చింది" అన్నాడు. పక్కన మరదలి గొంతు వినబడుతోంది. "సోలార్ ఉంటే కరెంటు ఫ్రీ అని నువ్వే కదా అన్నావ్" అంటోంది. వాళ్ల ఇంట్లో ఆ రోజు భోజనాలు ప్రశాంతంగా జరిగినట్టు లేదు.

అప్పటికి నేను ఈ విషయంలో కొంచెం పండితురాలినైపోయాను కదా, బిల్లు ఫొటోలు వాట్సాప్‌లో పంపమన్నాను. ఇంగ్లిష్‌లో పదహారు పేజీలు. రెండు రాత్రులు ఇద్దరం కూర్చుని విప్పాం. వాళ్లది ఏడాది లెక్క. దానికి ట్రూ-అప్ అని పేరు. కంపెనీ వాళ్లు ప్యానెళ్లు ఆన్ చేసుకోమని అనుమతి ఇచ్చిన రోజు నుంచి పన్నెండు నెలలు ఒక పద్దు. ఆ పన్నెండు నెలలూ నెలనెలా కట్టేది కనీస చార్జీలే. వాడిన కరెంటు డబ్బు, బయటికి పంపిన కరెంటు క్రెడిట్ పక్కపక్కన పేరుకుంటూ పోతాయి. ఏడాది నిండిన రోజు ఒకదానికొకటి కొట్టేసి, బాకీ తేలితే ఒకేసారి కట్టమంటారు.

మనకూ వాళ్లకూ ఉన్న అసలు తేడా నాకు ఇక్కడ తట్టింది. మన దగ్గర మిగులును మాత్రమే ముందుకు మోస్తారు. ఏదైనా నెల మనం బాకీ పడితే ఆ నెలే కట్టాలి. తర్వాతి నెలల మిగులు వెనక్కి వచ్చి ఆ బాకీ తీర్చదు. వాళ్ల దగ్గర మిగులూ మోస్తారు, బాకీ కూడా మోస్తారు. చలికాలం బాకీని తర్వాత వచ్చే వేసవి ఎండ తీర్చేస్తుంది. వినడానికి వాళ్లదే హాయి. కానీ బాకీ కంటికి కనబడకుండా పెరుగుతుంది. ప్రతి నెలా వచ్చే కాగితంలో ఆ బాకీ ఎంతైందో రాసే ఉంది. తమ్ముడు మొదటి పేజీలో పది డాలర్లు చూసి, కట్టి, పక్కన పడేసేవాడు. మూడో పేజీ దాకా ఎప్పుడూ పోలేదు.

మరి అంత బాకీ ఎక్కడిది? కారుది. కిందటి ఫిబ్రవరిలో బ్యాటరీ కారు కొన్నారు. సాయంత్రం ఆరింటికి ఆఫీసు నుంచి రాగానే వైరు గుచ్చేవాడు. వాళ్లకు మనలా యూనిట్‌కు యూనిట్ లెక్క కాదు, డాలర్లలో. ఏ గంటకు ఆ గంట రేటు. సాయంత్రం నాలుగు నుంచి తొమ్మిది దాకా అన్నిటికంటే ఖరీదు. మధ్యాహ్నం చవక రేటున బయటికి పంపినవాడు సాయంత్రం ఖరీదు రేటున వెనక్కి తీసుకుంటున్నాడు. పైగా లైను నుంచి తీసుకున్న ప్రతి యూనిట్ మీద రెండు మూడు సెంట్లు వేరే పడతాయి, అవి ఏ క్రెడిట్‌తోనూ కొట్టేయడానికి కుదరవు. నాకైతే నల్లగొండలో పగటి యూనిట్, రాత్రి యూనిట్ రెండూ ఒకటే. మధ్యాహ్నం మిషన్ కుట్టినా రాత్రి కుట్టినా లెక్కలో తేడా రాదు. ఈ ఒక్క విషయంలో నేనే అదృష్టవంతురాలిని.

"అర్ధరాత్రి దాటినంక పెట్టుకోరా చార్జింగ్, కార్‌ల టైమర్ ఉంటది కదా" అన్నాను. ఉందట. ఎనిమిది నెలలుగా ఉందట.

పోనీ ఏడాది చివర యూనిట్లు మిగిలితే లాభమా అంటే అక్కడా మన కథే. అసలు మిగులు యూనిట్లకు డబ్బు ఇచ్చి తీరాలని ఆ రాష్ట్రంలో 2009లో చట్టం చేశారు. కానీ కట్టేది టోకు మార్కెట్ ధర. వాళ్లు కొనేటప్పుడు యూనిట్ 30, 40 సెంట్లు దాటిపోతుంది, మిగిలింది ఇచ్చేస్తే కొద్ది సెంట్లు చేతిలో పెడతారు. తమ్ముడిది పాత పద్ధతి కాబట్టి ఇరవై ఏళ్ల దాకా ఇట్లాగే నడుస్తుంది. 2023 ఏప్రిల్ 15 నుంచి దరఖాస్తు పెట్టుకున్నవాళ్లకు పద్ధతే మారింది. వాళ్లు బయటికి పంపే కరెంటుకు విలువ చాలా తగ్గించేశారు. అందుకే వాళ్ల వీధిలో కొత్తగా పెట్టించుకునేవాళ్లు ప్యానెళ్లతో పాటు బ్యాటరీ కూడా పెట్టుకుని, మధ్యాహ్నపు కరెంటును సాయంత్రానికి దాచుకుంటున్నారు. మా అమ్మ రెండు బస్తాలు ఇంట్లోకి మోయించినట్టే.

ఇదంతా దసరాకు పుణె నుంచి వచ్చిన మా ఆడబిడ్డకు అంతకుముందే సగం చెప్పి ఉన్నాను. వాళ్లకూ సోలార్ ఉంది. మహారాష్ట్రలో లెక్క మార్చి 31న, ఏడాదికి ఒకసారే తెగుతుంది. పైకి మనకంటే మంచిదిలా కనబడుతుంది, పన్నెండు నెలలు మోసుకోవచ్చు కదా అని. కానీ తేదీ చూడండి. చలికాలమంతా, ఫిబ్రవరి, మార్చి ఎండలంతా కూడబెట్టిన యూనిట్లు మార్చి 31న అమ్ముడైపోతాయి. ఏప్రిల్ 1న, సరిగ్గా ఏసీ వేసే రోజుకు, ఖాతా ఖాళీ. మన జనవరి నుంచి జూన్ పద్దులో మాత్రం ముందు మూడు నెలలు కూడబెట్టేవి, తర్వాత మూడు నెలలు ఖర్చయ్యేవి. ఎవరు ఆలోచించి పెట్టారో, అనుకోకుండా కుదిరిందో గానీ, తెలంగాణ ఎండకు ఇంతకంటే సరిపోయే పద్దు లేదు. నేనే దాన్ని వాడుకోలేదు.

మన రెండో పద్దు, అంటే జులై నుంచి డిసెంబర్, దీనికి తలకిందులు. ముందు వానలు, తర్వాత మంచి ఎండ. నాకు జులైలో మిగిలిన 10 ఆగస్టులో పోయాయి. సెప్టెంబర్‌లో 15 యూనిట్లకు బిల్లు కూడా కట్టాను. అక్టోబర్‌లో ఆకాశం తేటపడి 55 మిగిలాయి, నవంబర్‌లో 130. అప్పటికి కూలర్లు అటక ఎక్కాయి, ఫ్యాన్లు కూడా సగమే తిరుగుతున్నాయి. ఈ యూనిట్లు ఎండాకాలానికి రావు. డిసెంబర్ దాటితే టోకు ధరకు పోవాల్సినవే.

అందుకని డిసెంబర్ నెల మా ఇంట్లో పండగ చేశాం. రెండేళ్లుగా అట్టపెట్టె దిగని ఇండక్షన్ పొయ్యి దింపాను. అన్నం, పప్పు, చాయ్ అన్నీ దాని మీదే. గీజర్ పొద్దున నాలుగు స్నానాలకూ వేశాను. అత్తమ్మకు రాత్రి కాళ్లు కాపుకునే నీళ్లు కూడా అందులోవే. గ్యాస్ సిలిండర్ పన్నెండు రోజులు ఎక్కువ వచ్చింది. నెలాఖరుకు ఆ నెల మిగులు 85కి దిగింది, మొత్తం 270 చుక్తాకు పోయాయి. ఇంకా ఎక్కువే పోయాయని నా బాధ. ఆ అయిదు కిలోవాట్లు పెట్టించుకుని ఉంటే ఎన్ని పోయేవో ఊహించుకోండి. సబ్సిడీ అదే 78 వేలు, అప్పు మాత్రం ఎక్కువ, పెరిగిన యూనిట్లన్నీ సావుకారు రేటుకే. ఆ ఆమ్దానీ ఆయన ఈ మధ్య మా వెనక వీధిలో కనబడ్డాడు. ఆ ఇంటావిడ నన్ను అడగడానికి వస్తే క్యాలెండర్ చూపించాను. ఆమె కూడా మూడు దగ్గరే ఆగింది.

జనవరి వచ్చింది. ఇది కూడబెట్టే నెల. అత్తమ్మ గదికి ఏసీ బయానా ఇచ్చేశాం, ఉగాది లోపు బిగిస్తారు. అంటే ఏప్రిల్, మే, జూన్ కలిపి కిందటేడాది మిగిలిన 185 కాదు, ఇంకా పైన కావాలి. ప్యానెళ్ల మీద దుమ్ము వారానికోసారి పైపుతో కడుగుతున్నాను. కోతుల గుంపు వచ్చి వాటి మీద కూర్చోకుండా మా ఆయన సంక్రాంతి పతంగుల దారం అడ్డం కట్టారు. అది కోతులకు ఊగడానికి పనికొచ్చింది.

జనవరి 2న పొద్దున మా ఆయన తువాలు భుజాన వేసుకుని బాత్రూంలోంచి కేకేశారు. "గీజర్ రావడం లేదు, చూడు."

"కట్టేసిన. చుక్తా అయిపోయింది. కొత్త పద్దు."

"మొన్నటి దాకా బకెట్లకు బకెట్లు పోస్తివి కదనే!"

నేను జవాబు చెప్పేలోపే అత్తమ్మ తన గదిలోంచి అంది. "నా ఏసీ యూనిట్ల మీద కన్నెయ్యకు బిడ్డా. పొయ్యి మీద కాగబెట్టుకో."